ఒడ్డెక్కిన పడవకు లెక్క రాసేదెవరు?

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటాడు. కొన్నేళ్ల కిందట ఒక చిన్న బోటు కొన్నాడు. ఫిబ్రవరిలో వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాడు. ఇంటి పక్క ఖాళీ జాగాలో తెల్ల ప్లాస్టిక్ చుట్టిన పెద్ద మూట, దాని మీద మోకాలెత్తు మంచు. ఇదేంట్రా అని అడిగితే, "మా బోటే అన్నా, ఇంకో రెండు నెలలు ఇంతే" అన్నాడు. రాత్రి మంచు పడిందంటే పొద్దున్నే లేచి పొడుగు కర్ర బ్రష్‌తో దాని మీద మంచంతా దులపాలట. బద్ధకించి వదిలేస్తే బరువుకు ప్లాస్టిక్ కుంగుతుంది, ఆ గుంటలో మళ్లీ మంచు చేరుతుంది, చివరికి మొత్తం బోటు లోపలికి కూలిపోతుంది.

ఆ ఫొటో చూడగానే నాకు మా జిల్లా వాకాడు మండలంలోని సముద్రతీర గ్రామం తూపిలిపాళెం ఇసుకలో బోర్లా పడుకోబెట్టిన బోట్లు గుర్తొచ్చాయి.

తిరుపతిలో కూర్చుని పడవల గురించి రాయడం కొందరికి వింతగా అనిపించొచ్చు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా మా ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సముద్రమే లేదు. తడ, సూళ్లూరుపేట, వాకాడు వైపు మండలాలు తిరుపతి జిల్లాలో కలిశాకే పులికాట్ సరస్సు, శ్రీహరికోట తీరం మనవయ్యాయి. మ్యాపులో అయితే మనవయ్యాయి. తిరుపతిలో జరిగే ఏ చర్చలోనూ, మనం రాసే ఏ వ్యాసంలోనూ పడవ ఓనర్ల కష్టం ఇంకా మన కష్టంగా కనపడటం లేదు. అందుకే రాస్తున్నాను.

మా తమ్ముడి బోటు సంగతి ముందు చెప్తాను. మిన్నెసోటాలో సరస్సులు వేలల్లో ఉన్నాయి. డిసెంబరు వచ్చేసరికి దాదాపు అన్నీ గడ్డకట్టిపోతాయి. మైనస్ 30 డిగ్రీల చలి కూడా వాళ్లకు కొత్త కాదు. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఇంజన్ లోపల గ్లాసుడు నీళ్లు మిగిలిపోయినా చాలు, ఆ ఉబ్బుకు ఇనుప దిమ్మ నిలువునా పగిలిపోతుంది. అందుకే అక్టోబరులోనే పని మొదలవుతుంది. ఇంజన్‌లో నీళ్లన్నీ తీసేసి గడ్డకట్టని గులాబీ రంగు ద్రవం పోస్తారు. పెట్రోలు పాడవకుండా అందులో మందు కలుపుతారు. బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెడతారు. బోటు అడుగున ఉండే బిరడా తీసేస్తారు, ఒకవేళ నీళ్లు చేరినా కారిపోవాలని. ఆ తర్వాతే ప్లాస్టిక్ చుట్టడం. ఈ పనులు చేసిపెట్టే షాపులున్నాయి, చలికాలమంతా బోటును దాచిపెట్టే యార్డులున్నాయి. బోటు కొనేటప్పుడే ఓనరు ఈ ఖర్చు కూడా లెక్కేసుకుంటాడు. బోటు నీళ్లలో ఉన్నా ఒడ్డున ఉన్నా ఖర్చు తప్పదని అక్కడ అందరికీ తెలుసు.

ఇక ఎదురుచూపు సంగతి. అక్కడ మిన్నెటోంకా అని ఒక పెద్ద సరస్సుంది. దాని మీద మంచు ఎప్పుడు విడిపోయిందో 1855 నుంచి రాసిపెట్టుకుంటూ వస్తున్నారు. ఇప్పుడైతే ఆ జిల్లా షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) మనుషులు బోటేసుకుని పోయి, అన్ని పాయల్లోకీ అడ్డం లేకుండా వెళ్లగలిగిన రోజున "మంచు విడిచింది" అని ప్రకటిస్తారు. 2018లో మే 5 దాకా విడవలేదు. 2024లో మార్చి 13కే విడిచింది. సగటున చూస్తే ఏప్రిల్ రెండో వారం.

ఈ తేదీ దగ్గరే నేను ఆగిపోయాను. ఏప్రిల్ 15న మన తూర్పు తీరంలో వేట నిషేధం మొదలవుతుంది. వాళ్ల పడవలు నీళ్లలోకి దిగే వారంలోనే మన పడవలు ఒడ్డెక్కుతాయి. వాళ్లను ఆపేది మంచు, మనల్ని ఆపేది నిషేధం. ఇలాంటి నిషేధం మాత్రం వాళ్లకూ ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, మన దగ్గర మరపడవలూ మోటారు బోట్లూ సముద్రంలోకి వెళ్లకూడదు. ఒకప్పుడు ఇది 47 రోజులే ఉండేది. అక్కడ కూడా వాల్‌ఐ అనే చేపను ఫిబ్రవరి చివర నుంచి మే నడిమి దాకా పట్టనివ్వరు, అదీ గుడ్లు పెట్టే కాలమనే. నిషేధం మంచిదే. దాన్ని తీసెయ్యమని తీరంలో నాతో ఎవరూ అనలేదు.

వాళ్ల బాధ వేరే. మే నెలలో ఒక మధ్యాహ్నం తూపిలిపాళెం వెళ్లాను. ఇసుక మీద చెప్పుల్లేకుండా నిలబడలేని ఎండ. అరవై దాటిన ఒకాయన తన ఫైబర్ బోటును బోర్లా తిప్పించి, దాని కడుపు మీద అరచెయ్యి ఆనించి మెల్లగా తడుముకుంటూ వస్తున్నాడు. చూపు ఎటో ఉంది, వెతికేది చెయ్యే. ఒకచోట ఆగి గోటితో గీకాడు. పెయింటు పెచ్చుగా లేచొచ్చింది, కింద తలవెంట్రుకంత చీలిక. "ఈడనే నాయనా, నీళ్లు తాగేది" అన్నాడు. పక్కన ఇంకో మూడు చోట్ల బొగ్గుతో గీతలు గీసి పెట్టుకున్నాడు.

"ఇంజన్ యాడుంది పెద్దాయనా?" అని అడిగాను.

"ఇంట్లో, నా మంచం పక్కన. గోతం కప్పినా. ఉప్పుగాలికి ఈడ పెడితే వారానికే తుప్పు."

మంచులో నీరు ఉబ్బి ఇంజన్‌ను పగలగొడితే, ఇక్కడ ఎండ చీలుస్తుంది, ఉప్పు తింటుంది. ఫైబర్ బోటయితే పైపూత సుద్దలా రాలుతుంది. చెక్క పడవయితే ఇంకా కష్టం. నీళ్లలో ఉన్నంత కాలం పలకలు తడిసి ఉబ్బి ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి. ఒడ్డున నెల ఉంటే ఎండి కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి. అందుకే పాతకాలం వాళ్లు చేప నూనె పూసి, తాటాకులు కప్పి, పొద్దుగూకులు నీళ్లు చల్లేవాళ్లు. ఇప్పుడా ఓపికా లేదు, ఆ తాటాకులూ దొరకడం లేదు. రెండు నెలలు కదలకుండా ఉన్న పడవ పాడవుతూనే ఉంటుంది. జూన్ 15 తెల్లవారుజామున సముద్రంలోకి దిగాలంటే జూన్ మొదటి వారంలోనే డబ్బు పెట్టాలి. అప్పటికి చేతిలో ఏముంటుంది?

నిషేధ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలయింది. 'మత్స్యకార సేవలో' పేరుతో ఆ ఏడాది ఏప్రిల్ 26నే, అంటే నిషేధం మొదలైన పదకొండు రోజులకే, డబ్బు వెయ్యడం మొదలుపెట్టారు. అంతకుముందు 2023లో మే 16న వేశారు. తొందరగా వెయ్యడం నిజంగా మేలు. కానీ 20 వేలను 61 రోజులకు పంచి చూడండి, రోజుకు 330 రూపాయలు కూడా రాదు. అది ఇంట్లో బియ్యానికి, పిల్లల పుస్తకాలకు, మందులకు పోతుంది, పోవాలి కూడా. అందులో పడవ వాటా ఏదీ? కూలికి వెళ్లే మనిషికీ, పడవ ఓనరుకీ ఇచ్చేది ఒకటే. ఇద్దరి కడుపూ ఒకటే కాబట్టి అది న్యాయమే. కాకపోతే ఓనరుకు పోషించాల్సింది ఇంకొకటుంది, అది ఒడ్డున బోర్లా పడుకుని ఉంది.

డీజిల్ సబ్సిడీ చూడండి, లీటరుకు 9 రూపాయలు. మంచి పథకం. పడవ తిరిగితేనే అందుతుంది. మన సాయాల్లో ఒకటి మనిషికి వస్తుంది, ఇంకొకటి తిరిగే పడవకు వస్తుంది. ఆగి ఉన్న పడవకు అని తూపిలిపాళెంలో నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు.

ఈ ఖాళీలోకే చేపల వ్యాపారి వస్తాడు. ఆయన్ని నేను దుర్మార్గుడిగా చూపించను, జూన్ మొదట్లో ఊళ్లో చేతిలో నోట్లున్నది ఆయన దగ్గరే. చీలికలు పూడ్చే రెజిన్ డబ్బాకు, ఫైబర్ మ్యాట్‌కు, పెయింటుకు, ఇంజన్ సర్వీసుకు, చిరిగిన వలకు అడ్వాన్స్ ఇస్తాడు. వడ్డీ కాగితం మీద పెద్దగా కనపడదు. షరతు ఒక్కటే, పట్టిన చేప నాకే తెచ్చెయ్యాలి, రేటు నేను చెప్తాను. ఇక ఆ ఏడాదంతా రొయ్య పడినా, వంజరం పడినా, వలలో ఏం పడిందో చూడకముందే దాని ధర తేలిపోయి ఉంటుంది. తీరంలో అప్పు సంగతి ఎవర్ని కదిలించినా కథ పెళ్లి దగ్గరో జబ్బు దగ్గరో మొదలవుతుందనుకున్నాను. చాలామంది జూన్ దగ్గర మొదలుపెట్టారు. పడవ ఒడ్డున ఉన్న రెండు నెలల్లో పడిన చిన్న చీలికే ఏడాది పొడుగూ ఓనరు మెడకు చుట్టుకుంటోందని నాకు అక్కడే అర్థమయింది.

ఒక అడుగు లోపలికి, పులికాట్ వైపు వస్తే పరిస్థితి ఇంకోలా ఉంటుంది. చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు, సింహభాగం మన రాష్ట్రంలోనే ఉంది. అంత సరస్సుకు సగటు లోతు మీటరు ఉంటే ఎక్కువ. ఈశాన్య రుతుపవనాలు, కాళంగి లాంటి ఏర్లు నింపిన నీళ్లు సంక్రాంతి దాటి ఎండలు ముదిరేకొద్దీ వెనక్కు పోతాయి. సముద్రం నీళ్లు లోపలికి రావాల్సిన ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతున్నాయి. మేలో భీమునివారిపాళెం దగ్గర నిలబడితే పడవలు బురదలో పక్కకు ఒరిగి కనపడతాయి. గెడ వేసి నెట్టినా కదలవు. ఇరకం దీవి వాళ్లకు పడవే బస్సు, పడవే అంబులెన్సు. నీళ్లు తగ్గితే దిగి నెట్టుకుంటూ పోవాలి. సముద్రంలో వేట ఆపడానికి జీవో ఉంది, దానికి మొదలూ చివరా తేదీలున్నాయి. సరస్సు ఎండిపోవడానికి జీవో ఉండదు. తేదీ లేని ఎదురుచూపు ఏ రికార్డులోకీ ఎక్కదు. మిన్నెటోంకాలో మంచు విడిచే రోజును నూటడెబ్బై ఏళ్లుగా రాసిపెట్టుకున్నవాళ్లను చూసి మనం నేర్చుకోవాల్సింది ఇదే. పులికాట్‌లో ఏ ఊరి దగ్గర నీళ్లు ఏ రోజు పడవ తేలనంతగా తగ్గాయో, మళ్లీ ఏ రోజు తేలిందో మత్స్యశాఖ ఒక రిజిస్టరులో రాయడం మొదలుపెడితే, ఐదేళ్లలో సాయం అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. దానికి కోట్లు అక్కర్లేదు.

ఇవి కాక తుఫాను హెచ్చరికలు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు మన జిల్లా అంతా వానలో మునిగింది, పడవలన్నీ పైకి లాగాల్సి వచ్చింది. శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్‌లో ప్రయోగం ఉన్న రోజున చుట్టుపక్కల సముద్రంలోకి వెళ్లొద్దంటారు. ఇవన్నీ కలిపితే ఏడాదిలో పడవ ఒడ్డున ఉండే రోజులు 61 కంటే చాలా ఎక్కువ.

నా అభిప్రాయం దాచుకోను. భృతితో పాటు, రిజిస్ట్రేషన్ ఉన్న ప్రతి బోటుకు రిపేరు సాయం విడిగా ఇవ్వాలి, అదీ మే 15 లోపు. నగదుగా కుదరకపోతే రెజిన్, పెయింటు, ఇంజన్ సామాన్లు సహకార సంఘం ద్వారా వడ్డీ లేని అరువుకు ఇవ్వండి, వేట మొదలయ్యాక వాయిదాల్లో పట్టుకోండి. తీరంలో నాలుగైదు పెద్ద ఊళ్లలో రేకుల షెడ్డు, బోటు పైకి లాగడానికి సిమెంటు వాలు, ఇంజన్ కడుక్కోవడానికి మంచినీళ్ల కుళాయి కావాలి. నిషేధం ఖాళీలో మెకానిక్ పని నేర్పిస్తే ఊళ్లో కుర్రాళ్లకు అదొక ఆదాయం అవుతుంది. మా తమ్ముడిది ఆదివారం సరదా బోటు, దానికే ఇంత ఏర్పాటు ఉంది. ఇది అన్నం పెట్టే బోటు.

ఏప్రిల్‌లో మంచు విడిచిందని తమ్ముడు ఫోన్ చేశాడు. ప్లాస్టిక్ చించేసి, బ్యాటరీ బిగించి, తాళం తిప్పితే మొదటిసారికే ఇంజన్ అందుకుందట. తూపిలిపాళెం పెద్దాయన బోటు మాత్రం జూన్ 15న దిగలేదు. చుట్టుపక్కల బోట్లన్నీ వెళ్లిపోయాయి, ఈయనది ఒక్కటే ఇసుకలో మిగిలింది. రెజిన్‌కు అడ్వాన్స్ పుట్టేసరికి ఇంకో తొమ్మిది రోజులు పట్టిందని, ఆ తొమ్మిది రోజులూ పక్కవాళ్ల బోటులో కూలికి పోయానని ఆయనే చెప్పాడు.