చవక చార్జర్ గారికి, ఫిషింగ్ హార్బర్ కాటా తరఫున

శ్రీ శ్రీ శ్రీ చార్జర్ గారికి,

తమరు క్షేమమేనని వేరే అడగక్కర్లేదు, కాటా రేకు ముట్టుకుంటే చురుక్కుమంటోంది కదా, తెలుస్తూనే ఉంది.

తమరొచ్చింది మా ఎలక్ట్రానిక్ కాటాకి 5 వోల్టులు ఇవ్వడానికి. ఇచ్చి ఊరుకుంటే అందరి పరువూ దక్కేది, కానీ సెకనుకి 65 వేల సార్లు ఆన్ ఆఫ్ అవుతూ ఆ గోలంతా వైర్ల మీదకి వదిలారు, బరువుని కరెంటు సంకేతంగా మార్చే లోడ్ సెల్ పాపం ఫుల్ లోడు మీద ఇచ్చేదే 10 మిల్లీవోల్టులు. వైజాగ్ హార్బర్లో వంజరం పెడితే అంకె ఆగదు, పది గ్రాములు పైకి, పది కిందకి, సెకనుకి మూడు సార్లు. అమ్మే ఆవిడ "ఏటి బాబూ, సచ్చిన సేప ఊపిరి తీస్తందేటి" అంది.

తెలివి మెచ్చుకోవాలి. మా బోర్డు ఆ సంకేతాన్ని సెకనుకి వెయ్యి సార్లు కొలుస్తుంది, అంటే వెయ్యి శాంపిల్స్ తీస్తుంది, అందులో సగం అంటే 500 హెర్ట్జ్ (సెకనుకి 500 ఊపులు) దాటిందేదైనా కిందకి మడతపడి తక్కువ ఫ్రీక్వెన్సీలా దిగుతుంది, 1949లో అమెరికా గణితవేత్త షానన్ కాగితం మీద పెట్టిన లెక్కే ఇది. తమరు 65,003 దగ్గరుంటే మాకు 3 హెర్ట్జ్ మారువేషంలో కనపడతారు, వేడెక్కితే ఫ్రీక్వెన్సీ జరిగి వేషం కూడా మారుతుంది, పొద్దున ఒక జబ్బు మధ్యాహ్నం ఇంకోటి.

మా సాఫ్ట్‌వేర్ కుర్రాడు పది రీడింగులకి సగటు తీస్తే సరిపోద్దన్నాడు. పది అంటే సెకనులో వందో వంతు, అంతలో మీ అల కదిలేదెంత? వెయ్యికి తీస్తే అంకె వచ్చేలోపు చేప అమ్ముడైపోతోంది. అయినా శాంపిల్ అయిపోయాక ఆ ఊపు చేపదో తమరిదో ఏ ప్రోగ్రామూ చెప్పలేదు, పట్టుకుంటే సంకేతాన్ని అంకెలుగా మార్చే ఏడీసీ చిప్పు గుమ్మం బయటే పట్టుకోవాలి.

అందుకే తమరిని విప్పాం. గోల బయటికి పోకుండా ఆపే తీగ చుట్ట, అదే ఫిల్టర్ చోక్, ఉండాల్సిన చోట బోర్డు మీద దాని బొమ్మ, రెండు కన్నాలు, ఆ రెండింటినీ కలిపి టంకం వేసిన వైరు ముక్క! డబ్బా మీద మాత్రం సర్టిఫికెట్ గుర్తులు పెళ్లికార్డు మీద దేవుళ్లలా వరసగా.

ఏడీసీ కాలు పక్కనే 1 కిలో ఓమ్ రెసిస్టరు, 1 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టాం. దాదాపు 160 హెర్ట్జ్ నుంచి కోత మొదలు, తమరి వాటా నాలుగొందల్లో ఒక వంతుకి పడిపోయింది, ఖర్చు టీ డబ్బులు కూడా కాలేదు. లోడ్ సెల్‌కి మెలితిప్పిన షీల్డ్ కేబుల్ వేసి షీల్డుని ఒక్క చివరే గ్రౌండ్ చేశాం. వైరు మెడలో గోల మింగే ఫెరైట్ పూస కూడా వేశాం, 65 కిలోహెర్ట్జ్‌కి అదేం పీకదు గానీ తమరి మెగాహెర్ట్జ్ కేకలకి పనికొస్తుంది.

ఐసు పెట్టెల మీద వెలిగే ఎల్ఈడీ బల్బు తమరి చుట్టమేనట, ఆయనకీ ఉత్తరం రాస్తున్నాం, అడ్రస్ అక్కర్లేదు, కరెంటు అలల్ని తెర మీద చూపే స్కోప్ ప్రోబ్ దగ్గర పెడితే ఆయనే పలుకుతున్నాడు.

ఇట్లు,
కాటా రిపేరు బల్ల