గుర్రపుడెక్క గారికి, మూడో అంతస్తు నుంచి

నీళ్ల మీద తేలే కలుపుమొక్కల్లో మహారాజశ్రీ గుర్రపుడెక్క గారికి, హైదరాబాద్‌లో మీ చెరువు పక్క అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు నివాసి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా దోమల బ్యాట్లు పట్టుకుని క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, బాల్కనీ తలుపు తీస్తే కనబడుతూనే ఉంది.

ఆరేళ్ల కింద ఈ ఫ్లాట్ కొన్నప్పుడు బ్రోచర్ మీద ‘లేక్ వ్యూ’ అని వేసి, ఆ రెండు మాటలకి అడుగు లెక్కన ఎక్స్‌ట్రా కూడా గుంజారు. ఇప్పుడు లేక్ పోయింది, వ్యూ మాత్రం మిగిలింది. మొన్న ఊరి నుంచి వచ్చిన మా మేనమామ బాల్కనీలో చాయ్ తాగుతూ కిందికి చూసి, “ఎవరిదిరా ఆ పొలం, నారు మంచిగొచ్చింది” అన్నాడు. చెరువు మామా అంటే నమ్మలేదు. చెరువంటే నీళ్లుండాలి కదా అన్నాడు. పల్లెటూరి మనిషి, ఆయనకేం తెలుసు.

మీ జాతకం తిరగేశాను. పుట్టిల్లు దక్షిణ అమెరికా, అమెజాన్ నీళ్లు. అక్కడ మీరు పదిమందిలో ఒకరు, ఎందుకంటే మీ ఆకుల్నీ కాడల్నీ కొరికి తినే ముక్కుపురుగులు మీతోపాటే పుట్టాయి, మీరు ఎంత పెరిగితే అవి అంత తినేవి. 19వ శతాబ్దం చివర్లో ఎవరో మీ పువ్వు చూసి మురిసిపోయి మిమ్మల్ని బెంగాల్‌కి తెచ్చారు, పురుగుల్ని మాత్రం అక్కడే వదిలేశారు. అంతే, ఇక అడిగేవాడు లేడు. పడవలు ఆగిపోయి, పొలాలు మునిగిపోయి, చివరికి 1936లో బెంగాల్‌లో మీ ఒక్కరి మీదే ప్రత్యేకంగా చట్టం చేశారు. మీరు దాన్ని చదివినట్టు లేరు. మాకూ ఆ అలవాటు తక్కువే, ఈ చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) రాయి మా పక్క వెంచర్ వాచ్‌మన్ గదిలో స్టూలుగా ఉంది.

మీ లెక్కలు మాత్రం ఆలస్యంగా అర్థమయ్యాయి. నీళ్లు అనుకూలిస్తే దాదాపు రెండు వారాల్లో మీరు రెట్టింపవుతారట. విత్తనాల కోసం ఆగడం కూడా లేదు, పక్కకో తీగ, దాని చివర పిల్లమొక్క, దానికో పిల్ల. ఉగాదికి ఓ మూలన చాపంత ఉన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఎవరో వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే ‘వావ్, గ్రీనరీ’ అని ఇద్దరు దండాలు పెట్టారు. సగం చెరువు నిండిన రోజున కూడా ఇంకా సగం ఉందిగా అనుకున్నాం. కొడుకులకి లెక్కలు చెప్పే తండ్రులం, మిగతా సగానికి ఇంకో రెండు వారాలు చాలని ఒక్కరం కూడా అనుకోలేదు.

సరే, మీరు తెచ్చిన తిప్పలు చెబుతాను. మీరు కప్పేస్తే ఎండ లోపలికి పోదు, గాలి నీళ్లని తాకదు, అడుగున మీ పాత ఆకులు కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్ కాస్తా తాగేస్తాయి. తెల్లవారుజామున బొచ్చెలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి, కొర్రమీను మాత్రం పైకొచ్చి గాలి మింగి బతికేస్తుంది, అది మాలాంటిదే. గంగపుత్రుల వల మీ వేళ్లకి చిక్కుకుంటే చేపల కంటే మీరే ఎక్కువ బరువు. కరెంటు తీగ మీద రోజూ కూర్చునే లకుముకిపిట్ట ఒకటుండేది, పైనుంచి చేపని చూసి నిలువునా దూకే రకం. ఒక ఆదివారం పనిలేక దాన్నే చూస్తూ కూర్చున్నాను. తల ఆడిస్తుంది, కిందికి చూస్తుంది, మళ్లీ తల ఆడిస్తుంది. పావుగంట అలాగే చూసి, దూకడానికి నీళ్లే కనబడక ఎగిరిపోయింది. తర్వాత అది రాలేదు.

దోమల సంగతి వేరే చెప్పాలి. మాన్సోనియా అని ఒక దోమ ఉంది, దాని పిల్ల ఊపిరి కోసం నీళ్ల పైకి రాదు, మీ వేళ్లలోకి గొట్టం గుచ్చి మీ గాలే పీల్చుకుంటుంది. మురుగు ఇష్టపడే క్యూలెక్స్‌కి మీ నీడన నిలిచిన నీళ్లు పుట్టింటి పెరడు. వాటి పిల్లల్ని తినే చేపలు పోయాయి. పెద్దయిన దోమల్ని తినే తూనీగలు కొన్నాళ్లు తిరిగాయి, ఇంతలో దోమల మందు పొగ కొట్టే బండి వచ్చింది, పొగకి తూనీగ వేరు, దోమ వేరు అని తెలియదు కదా. నీళ్లలో ఉన్న దోమపిల్లలకి ఆ పొగ తగల్లేదు, పది రోజుల్లో కొత్త బ్యాచ్ దిగింది. (డెంగ్యూ కేసు మాత్రం మీ మీద పెట్టను. ఆ దోమ మంచినీళ్లలో పుట్టేది, మా బాల్కనీ కూలర్‌లో పుట్టింది, ఆ ఎఫ్ఐఆర్‌లో ఏ వన్ మేమే.)

పోయిన ఏడు సద్దుల బతుకమ్మ నాడు కట్ట మీద మీతో నాకు దగ్గరి పరిచయమైంది. రెండో అంతస్తు అక్క పొద్దున్నించి కూర్చుని తంగేడు, గునుగు, బంతి వరసలు పేర్చి నడుమెత్తు బతుకమ్మ చేసింది. ఆట అయ్యాక మెట్లు దిగి నీళ్లలో వదిలారు. మునగలేదు. మీ మీద ఎక్కి కూర్చుంది, పట్టుపరుపు మీద పెళ్లికూతురిలాగ. కర్రతో నెట్టారు, కదల్లేదు, ఒకాయన ప్యాంటు మడిచి దిగబోయి మోకాలిదాకా బురదలోకి పోయి వెనక్కొచ్చాడు. అరగంట పోరాడి పక్కనే కార్పొరేషన్ వాళ్లు తవ్వించిన సిమెంటు గుంతలో వదిలేశారు. అప్పుడే ఆ అక్క మనవరాలు మీ పువ్వొకటి తెంపింది. లేత ఊదా రంగు, ఆరు రేకులు, పై రేకు మీద మాత్రం నెమలికన్నులాగ పసుపు చుక్క, దాని చుట్టూ ముదురు నీలం. అంత అందం మీకెందుకిచ్చాడో దేవుడు! పిల్ల దాన్ని తన చిన్న బతుకమ్మలో గుచ్చబోతే ఆ అక్కే చెయ్యి పట్టుకుంది. “వద్దు బిడ్డా, అది మన పువ్వు కాదు” అంది.

నిజంగా కాదా? ఇక్కడికొచ్చాకే నా కలం కాస్త తడబడుతోంది. మీరు గాలి తిని ఇంత లావెక్కలేదు. నత్రజని, భాస్వరం కావాలి, అవి మా బాత్రూముల నుంచీ, సబ్బు నీళ్ల నుంచీ, సింకులో పోసిన నిన్నటి పప్పు నుంచీ నాలా గుండా వేళ తప్పకుండా వస్తున్నాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు, మీరు కడబంతిలో కూడా లేరు, ఆకు ముందే వేసి పిలిచాం. మా అపార్ట్‌మెంట్‌కి ఎస్‌టీపీ, అంటే మురుగునీళ్లు శుభ్రంచేసే ప్లాంటు ఉంది. పర్మిషన్ కాగితాల్లో ఉంది, సెల్లార్‌లో కూడా ఉంది, దాని మీద స్కూటర్ కవరు ఆరేస్తారు. మోటారు నడిపితే కరెంటు బిల్లుకి ఫ్లాట్‌కి మూడొందలు పెరుగుతుందని మీటింగ్‌లో తేలాక స్విచ్ ఆపేశాం, ఎవరైనా చూడ్డానికొస్తున్నారంటే ఆ పూట వేస్తాం. ఆపుదామన్న తీర్మానం కింద నా సంతకం కూడా ఉంది, నాలుగోది, నీలం ఇంకుతో.

మీమీద యుద్ధం మాత్రం ఘనంగానే సాగుతోంది. ఏటా ఒక తేలే యంత్రం వస్తుంది, ఫొటోలు దిగుతారు, మిమ్మల్ని లాగి కట్ట మైసమ్మ గుడి పక్కన గుట్టగా పోస్తారు, లారీ రేపొస్తుందంటారు. రేపటిలోగా వాన వస్తుంది, మీ రసమంతా మళ్లీ చెరువులోకే. మీలో తొంభై శాతానికి పైగా నీళ్లే కాబట్టి లారీలు మోసేదీ ఎక్కువ చెరువునే. వాన గట్టిగా పడితే మత్తడి దూకి నాలాలో తేలుతూ కింది చెరువుకి పోతారు, అక్కణ్ణుంచి దాని కిందిదానికి. ఒకదాని నీళ్లు ఇంకోదానికి పోవాలని పాతకాలం వాళ్లు గొలుసుకట్టుగా చెరువులు తవ్వించింది మీ రవాణా సౌకర్యం కోసమేమో అనిపిస్తుంది. మిగిలిపోయిన ఒక్క ముక్క చాలు మీకు, మీ విత్తనమైతే బురదలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది.

పాత శత్రువునీ పిలిపించి చూశారు. దక్షిణ అమెరికా ముక్కుపురుగుల్ని 1980లలో బెంగళూరు చెరువుల్లో వదిలితే కొన్నిచోట్ల బాగానే పనిచేశాయి, ఆఫ్రికాలో విక్టోరియా సరస్సులోనూ మీ బంధువుల పొగరు కొంత అణిగింది. కానీ పురుగు నమిలేది దాని పళ్ల కొద్దీ. ఇక్కడ మేం పూటపూటకీ కొసరి కొసరి వడ్డిస్తుంటే మీరు అది తినేలోపే కొత్త ఆకు వేస్తారు. పాపం పురుగు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. నాలుగు మొక్కలుగా ఉన్నంతవరకు మీరు మంచివారే, మీ వేళ్ల మధ్య చేపపిల్లలు దాక్కుంటాయి, నీటికోళ్లు మీ మీద నడుస్తాయి. సీసం, కాడ్మియం లాంటి విషాల్ని కూడా నీళ్లలోంచి మీ వేళ్లు లాగి దాచుకుంటాయట. అంటే మేం చేసిన గలీజు మీరు ఎత్తిపోస్తుంటే, గలీజు అని మేం మిమ్మల్ని తిడుతున్నాం.

ఇట్లు,
మీ వడ్డనదారు,
ఫ్లాట్ నెంబర్ ఎందుకులెండి.

తా.క. నిన్న ఆదివారం అసోసియేషన్ మీటింగ్ జరిగింది. చెరువు కంపు, దోమల సమస్య మీద గంటన్నర వాడిగా చర్చించాం. కిటికీలన్నిటికీ కొత్త మెష్ వేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఎస్‌టీపీ స్విచ్ సంగతి అజెండాలో పదకొండోది, అక్కడికొచ్చేసరికి చాయ్ అయిపోయింది, వచ్చే నెలకి వాయిదా వేద్దామా అని సెక్రటరీ గారు అడిగితే నేనూ చెయ్యెత్తాను.