అమ్మ బెర్త్‌కి లీడర్ లెటర్ కావాలా?

రాత్రి నుంచి కోపం దిగడం లేదు. దిగకముందే రాసేయాలని కూర్చున్నాను.

నిన్న సాయంత్రం అమ్మని తిరుపతి బండి ఎక్కించాలి. చిన్నమ్మకి ఆపరేషన్ అయింది, పక్కన ఉండి చూసుకునే మనిషి లేరు. డేట్ తెలిసిన రోజే స్లీపర్‌లో టికెట్ తీశాను. వెయిటింగ్ లిస్ట్ 9. తొమ్మిదే కదా, అయిపోతుందిలే అనుకున్నాం. అమ్మ పొద్దున్నే పులిహోర కలిపి స్టీల్ డబ్బాలో సర్దుకుంది. మోకాళ్ల నొప్పికి రాసుకునే నూనె సీసా కారకుండా కవర్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. చార్ట్ పడింది. వెయిటింగ్ లిస్ట్ 3 దగ్గర ఆగిపోయింది. టికెట్ దానంతటదే క్యాన్సిల్.

మా పై ఫ్లోర్ అన్నది కూడా అదే బండి. ఆయనది వెయిటింగ్ 43. ఆయనకి బెర్త్ వచ్చింది! మెట్ల మీద సూట్‌కేసు దించుతూ ఆయనే చెప్పాడు, ఏమీ దాచుకోలేదు: "లీడర్ ఆఫీసు నుంచి లెటర్ పెట్టించిన తమ్ముడూ, గందుకే టెన్షన్ పడలే."

ఆయన మీద నాకు కోపం లేదు. దారి ఉంది, వాడుకున్నాడు. నాకు మండింది ఆ తర్వాత బావ ఫోన్ చేసి అన్న మాటకి. "ముందే ఒక్క మాట చెప్తే నేనూ లెటర్ తెచ్చేటోణ్ణి కదరా, నీకు అడగనీకి నామోషీ." అంటే తప్పు నాదన్నమాట. డబ్బు కట్టి, వరసలో నిలబడి, చార్ట్ కోసం ఎదురు చూసినందుకు నాది తప్పు.

అలాంటి లెటర్ల మీద బెర్త్ ఇచ్చే కోటా పేరు ఎమర్జెన్సీ కోటా. ఎంపీలు, మంత్రులు స్వయంగా ప్రయాణం చేసేటప్పుడు వాళ్లకి ముందు ఇవ్వాలి, ఆ తర్వాత జబ్బు, చావు, ఉద్యోగం ఇంటర్వ్యూ లాంటి అత్యవసరాలు చూసి ఇవ్వాలి. రూల్ అదే. మరి ఆపరేషన్ అయిన చెల్లెలి దగ్గరికి వెళ్తున్న 67 ఏళ్ల మనిషిది ఎమర్జెన్సీ కాదా? కాగితం మీద ఎవరి సంతకం ఉందన్నదే ఎమర్జెన్సీ అయిపోయింది. ఎంపీకి ఫస్ట్ ఏసీలో పాస్ ఉంటుంది, పక్కన భార్యకి గానీ భర్తకి గానీ ఉంటుంది. వెయిటింగ్ లిస్ట్ 3 అంటే ఏంటో వాళ్లకి ఒక్కసారి తెలియాలి.

67 అన్నాను కదా, అది కూడా చెప్పాలి. 58 దాటిన ఆడవాళ్లకి టికెట్‌లో సగం, 60 దాటిన మగవాళ్లకి 40 శాతం తగ్గింపు ఉండేది. 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి ఆపేశారు. కరోనా పోయింది, మాస్కులు పోయాయి, తగ్గింపు మాత్రం తిరిగి రాలేదు. ముసలివాళ్లు రోడ్డెక్కి బండి ఆపరు కాబట్టి రాలేదు. ఓటు భయం ఉన్నచోట ఎంత తొందరగా పని జరుగుతుందో కూడా చూశాం. ప్యాసింజర్ బండిలో 10 రూపాయలున్న కనీస టికెట్‌ని కరోనా తర్వాత 30 చేశారు. కూరగాయల గంపలతో వచ్చేవాళ్లు, రోజూ కాలేజీకి వచ్చే పిల్లలు ఏళ్ల తరబడి 30 కట్టారు. 2024 ఫిబ్రవరి చివర్లో, లోక్‌సభ ఎన్నికలు తలుపు దగ్గరికి వచ్చాక, మళ్లీ 10 అయింది. అన్నాళ్లు గుర్తు రాని పేదవాడు ఆ నెలలోనే ఎందుకు గుర్తొచ్చాడు?

లీడర్లు రైళ్లకి జెండా ఊపడం సంగతి కూడా చెప్తాను, అది కళ్లారా చూశాను. మొన్నామధ్య ఊరికి పోతుంటే ఒక చిన్న స్టేషన్‌లో మా బండి ఆగింది. అది ఏళ్లుగా తిరుగుతున్న బండే, కొత్తగా రెండు నిమిషాల హాల్ట్ ఇచ్చారంతే. ఇంజిన్‌కి బంతిపూల దండలు, ప్లాట్‌ఫామ్ పొడుగునా ఫ్లెక్సీలు. లోకో పైలట్ పక్కన నిలబడి ఫొటో దిగడానికి ఒకర్నొకరు తోసుకుంటున్నారు. లీడర్ జెండా ఊపేదాకా బండి కదల్లేదు. జనరల్ బోగీలో చంటిపిల్ల ఏడుస్తోంది, నీళ్లబాటిల్ కోసం దిగుదామంటే తలుపు దగ్గర కార్యకర్తలు. హాల్ట్ వద్దని నేననను. ఆ ఊరివాళ్లకి అది ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ టికెట్లు ఎన్ని అమ్ముడుపోతాయో చూసి ఇవ్వాల్సిన హాల్ట్ ఒక మనిషి ఇచ్చిన వరం ఎలా అయింది? రేపు ఆయన ఓడిపోతే ఆ రెండు నిమిషాలు ఉంటాయా?

ఇది ఇవాళ్టి రోగం కాదు. పాశ్వాన్ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు కొత్త రైల్వే జోన్ కేంద్రం బిహార్‌లో ఆయన నియోజకవర్గం హాజీపూర్‌కి పోయింది. లాలూ హయాంలో మఢౌరాకి డీజిల్ ఇంజిన్ల ఫ్యాక్టరీ, మధేపురాకి ఎలక్ట్రిక్ ఇంజిన్ల ఫ్యాక్టరీ, ఆయన నియోజకవర్గం ఉన్న సారణ్ జిల్లాలోని బేలాకి చక్రాల ఫ్యాక్టరీ ఇచ్చారు. సోనియా గాంధీ రాయ్‌బరేలీకి కోచ్ ఫ్యాక్టరీ పోయింది. 2012లో రైల్వే మంత్రి దినేశ్ త్రివేది చార్జీలు కొంచెం పెంచుతానంటే సొంత పార్టీయే ఆయన్ని కుర్చీలోంచి దింపేసింది. ఆ బడ్జెట్‌లో భద్రతకి ఎంత పెట్టాలన్నాడో ఎవరూ మాట్లాడలేదు. 2017లో విడి రైల్వే బడ్జెట్టే తీసేశారు. అంతకుముందు కనీసం ఏడాదికి ఒక రోజు మనకి ఏమొచ్చింది, ఏం రాలేదు అని పేపర్లో మ్యాప్ పెట్టుకుని చూసుకునేవాళ్లం. ఇప్పుడు అదీ లేదు.

ఇదే రైల్వే మంత్రి కుర్చీలో లాల్ బహదూర్ శాస్త్రి కూర్చున్నారు. 1956 సెప్టెంబర్‌లో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి వంద మందికి పైగా చనిపోతే రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో తమిళనాడులో అరియలూరు రైలు ప్రమాదం జరిగాక మళ్లీ ఇచ్చి వెళ్లిపోయారు. ఆ మొదటి రాజీనామాకి కారణమైన నేల మనది. అది మన పిల్లలకి ఎవరూ చెప్పరు.

ఇక్కడిదాకా వచ్చాక కాజీపేట గురించి రాయకుండా ఉండలేను. నా అసలు కడుపుమంట అదే.

1982లో కాజీపేటకి కోచ్ ఫ్యాక్టరీ అన్నారు. మా నాన్న అప్పుడే వరంగల్‌లో ఐటీఐ ఫిట్టర్ చదివారు. ఆ బ్యాచ్ మొత్తం ఆ ఫ్యాక్టరీనే నమ్ముకుందట. వేరే ఊళ్లలో పని వచ్చినా పోకుండా ఎదురు చూశారు. ఇందిరా గాంధీ హత్య జరిగింది, పంజాబ్ మండిపోతోంది, అక్కడివాళ్లని చల్లబరచాలి. 1985లో రాజీవ్ గాంధీ కపుర్తలాలో శంకుస్థాపన చేశారు. మన ఫ్యాక్టరీ వెళ్లిపోయింది. పంజాబ్‌కి ఇవ్వొద్దని నేను అనడం లేదు, వాళ్ల బాధ వాళ్లది. మనకి ఇంకొకటి ఎందుకు ఇవ్వలేదు? హనుమకొండ ఎంపీగా గెలిచిన మనిషి ఆ తర్వాత ప్రధానమంత్రి కూడా అయ్యారు కదా. నాన్న బాలానగర్ వచ్చి ఒక షెడ్డులో లేత్ మీద నిలబడ్డారు. రిటైరయ్యేదాకా నిలబడే ఉన్నారు. ఐటీఐ సర్టిఫికెట్ మాత్రం బీరువాలో ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉండేది.

2014 విభజన చట్టంలో తెలంగాణకి కోచ్ ఫ్యాక్టరీ పెట్టే సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. ఇస్తామని కాదు, పరిశీలిస్తామని. ఆ ఒక్క మాట పట్టుకుని ఏళ్లు గడిపారు. ఈలోపు 2018లో మహారాష్ట్రలోని లాతూర్‌కి కోచ్ ఫ్యాక్టరీ ఇచ్చారు. మనకి 2023 జులైలో, అసెంబ్లీ ఎన్నికలు నాలుగైదు నెలలున్నాయనగా, కాజీపేట దగ్గర అయోధ్యాపురంలో రైల్వే తయారీ యూనిట్‌కి శంకుస్థాపన చేశారు. వచ్చింది, సంతోషం. కానీ 1982లో ఫిట్టర్ చదివినవాళ్ల మనవలు ఇప్పుడు ఐటీఐలో ఉన్నారు.

ఢిల్లీనే తిట్టి ఊరుకుంటే అన్యాయం. హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైంది. రెండో దశ 2012–13లో మంజూరైతే మేడ్చల్ బండి 2023 ఏప్రిల్లో కదిలింది. నీ వాటా నువ్వు కట్టలేదంటే నువ్వు పని చేయలేదని రాష్ట్రం, కేంద్రం పదేళ్లు పోట్లాడుకున్నాయి. ఆ పదేళ్లు మనం బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడాం. కూర్చొని మాట్లాడుకుంటే ఎన్ని రోజుల పని అది?

అమ్మ రాత్రి బస్సులో వెళ్లింది. రాత్రంతా కూర్చునే. పొద్దున ఫోన్ చేస్తే పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదంది. పులిహోర ఆసుపత్రిలో చిన్నమ్మ పక్క మంచం వాళ్లకి కూడా పెట్టానని చెప్పి నవ్వింది.

రిటర్న్ టికెట్ వెయిటింగ్ లిస్ట్ 17లో ఉంది. పీఎన్ఆర్ నంబర్ పంపు, ఈసారి లెటర్ తెప్పిస్తానని బావ పొద్దున్నుంచి మూడుసార్లు మెసేజ్ పెట్టాడు. అమ్మ పాదాలు తలుచుకుంటే పంపాలనిపిస్తోంది. మా అమ్మ పైన ఉన్న ఆ పదహారు మంది ఎవరో తలుచుకుంటే చెయ్యి రావడం లేదు. ఇంకా పంపలేదు.