ముఖ్యమంత్రి పేరు చీటీలో రాకూడదు

2023 డిసెంబరు 12న జైపూర్‌లో బీజేపీ ఎమ్మెల్యేలు సమావేశమయ్యారు. ఢిల్లీ నుంచి వచ్చిన పరిశీలకుడు ఇచ్చిన చీటీని వసుంధరా రాజే విప్పి చూశారు. రెండుసార్లు ముఖ్యమంత్రిగా చేసిన నాయకురాలు ఆమె. చీటీలో ఉన్న పేరు భజన్‌లాల్ శర్మ. మొదటిసారి గెలిచిన ఎమ్మెల్యే. సమావేశానికి ముందు దిగిన గ్రూప్ ఫొటోలో ఆయన చివరి వరుసలో నిలబడి ఉన్నారు.

దానికి వారం ముందు హైదరాబాద్‌లో ఇంకో పార్టీ చేసిందీ ఇదే. 64 సీట్లు గెలిచిన కాంగ్రెస్ శాసనసభా పక్షం డిసెంబరు 4న సమావేశమై, నాయకుణ్ణి ఎంపిక చేసే బాధ్యతను ఏఐసీసీ అధ్యక్షుడికి అప్పగిస్తూ ఏకవాక్య తీర్మానం చేసింది. మర్నాడు ఢిల్లీలో రేవంత్ రెడ్డి పేరు ప్రకటించారు. ఆయన అర్హత మీద నాకు పేచీ లేదు. ప్రచారమంతా మోసిన నాయకుడు ఆయనే, ఓటింగ్ పెట్టినా బహుశా ఆయనే గెలిచేవారు. అలాంటప్పుడు ఓటింగ్ ఎందుకు పెట్టలేదన్నదే నా ప్రశ్న. ఆ 64 మందిలో ఎవరు ఎవరిని కోరుకున్నారో వాళ్లను గెలిపించిన మనకు ఈ రోజుకీ తెలియదు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. అదే జైపూర్‌లో 1954 నవంబరులో ముఖ్యమంత్రి జయనారాయణ్ వ్యాస్ మీద 38 ఏళ్ల మోహన్‌లాల్ సుఖాడియా పోటీకి దిగారు. కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ఓట్లేశారు, పదవిలో ఉన్న ముఖ్యమంత్రి ఓడిపోయారు. గెలిచిన సుఖాడియా దాదాపు 17 ఏళ్లు రాజస్థాన్‌ను ఏలారు. అదే ఏడాది మద్రాసులో రాజాజీ దిగిపోయాక కామరాజ్, సి.సుబ్రహ్మణ్యం శాసనసభా పక్షంలో పోటీపడ్డారు. కామరాజ్ గెలిచారు. ఓడిన సుబ్రహ్మణ్యాన్నీ, ఆయన పేరు ప్రతిపాదించిన భక్తవత్సలాన్నీ తన మంత్రివర్గంలోకే తీసుకున్నారు. ఓటింగ్ పెడితే పార్టీ ముక్కలవుతుందని భయపడేవాళ్లు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి.

రాజ్యాంగం ఈ విషయంలో తికమక పెట్టలేదు. 164వ అధికరణం ప్రకారం ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారు, మిగతా మంత్రులను ముఖ్యమంత్రి సలహా మీద నియమిస్తారు, మంత్రివర్గం ఉమ్మడిగా శాసనసభకు జవాబు చెప్పాలి. సభ నమ్మినంతకాలమే ముఖ్యమంత్రి. అధిష్ఠానం అన్న మాట అందులో ఎక్కడా లేదు.

తెలుగునాట ఆ మాట ఏం చేసిందో మా తరానికి బాగా తెలుసు. 1978లో గెలిచిన కాంగ్రెస్ ఒక్క శాసనసభ కాలంలో నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. మర్రి చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. భవనం పట్టుమని ఎనిమిది నెలలు కూడా లేరు. ఒక్కరినీ సభ దించలేదు, ఎంపిక చేసిందీ సభ కాదు. ఢిల్లీ నుంచి సీల్డ్ కవర్ వచ్చేది, కాంగ్రెస్ శాసనసభా పక్షం (సీఎల్పీ)లో దాన్ని చదివేవారు, చప్పట్లు కొట్టేవారు. బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో అంజయ్యకు జరిగిన అవమానం ఒక మనిషికి జరిగినట్టు జనం అనుకోలేదు, తమ రాష్ట్రానికి జరిగినట్టు అనుకున్నారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్టీఆర్ తొమ్మిది నెలల్లో అధికారంలోకి రావడం వెనుక ఈ అవమానభారం చాలా ఉంది. అయినా ఆ పాఠం కాంగ్రెస్ నేర్చుకోలేదు. 1989 నుంచి 1994 దాకా మళ్లీ ముగ్గురు.

కేంద్రం వైపు నుంచి వచ్చే ప్రమాదానికి మాత్రం ఈ దేశం కొంత మందు కనిపెట్టింది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చిన ఎన్టీఆర్ 160 మందికి పైగా ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. బలం ఎవరికుందో తేల్చాల్సింది రాజ్‌భవన్ కాదు, సభే అని ఆ నెల రోజుల్లో తెలుగు జనం వీధుల్లోకి వచ్చి చెప్పారు. పదేళ్ల తర్వాత, 1994లో, బొమ్మై కేసు తీర్పులో సుప్రీంకోర్టు దాన్నే చట్టంగా స్థిరపరిచింది. 2018లో కర్ణాటక గవర్నర్ యడియూరప్పకు 15 రోజుల గడువిస్తే కోర్టు దాన్ని ఒక్క రోజుకు కుదించగలిగింది. ఆయన ఓటింగ్ దాకా వెళ్లకుండానే రాజీనామా చేశారు. గవర్నర్లు పూర్తిగా మారిపోయారని అనను గానీ, 1984లో జరిగినట్టు ఇప్పుడు జరగడం కష్టం.

ఇంటి లోపలి ప్రమాదానికే మందు లేదు. ప్రాంతీయ పార్టీలు వస్తే నిర్ణయం ఢిల్లీ నుంచి మన దగ్గరికి వస్తుందని ఆశపడ్డాం. వచ్చింది. అయితే ఎమ్మెల్యేల దాకా రాలేదు, పార్టీ అధినేత ఇంటి దగ్గరే ఆగిపోయింది. తెలుగునాట ప్రాంతీయ పార్టీల నుంచి వచ్చిన ముఖ్యమంత్రులు సాధారణంగా పార్టీ అధినేతలు కూడా. టికెట్ ఇచ్చేదీ, బీ-ఫారం మీద సంతకం పెట్టేదీ, మంత్రి పదవి ఇచ్చేదీ ఒకే చేయి. ఆ చేతిని సభలో ప్రశ్నించే ఎమ్మెల్యే ఎక్కడి నుంచి వస్తాడు?

1995 ఆగస్టు ఈ నియమానికి పెద్ద మినహాయింపు. తెలుగుదేశం ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది చంద్రబాబు నాయుడి వెంట నడిచారు, ఎన్టీఆర్ దిగిపోయారు, సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణం చేశారు. దాన్ని వెన్నుపోటు అన్నవాళ్లున్నారు, పార్టీని నిలబెట్టడం అన్నవాళ్లున్నారు. నాయకుణ్ణి మార్చే హక్కు ఎమ్మెల్యేలకు ఉందనే నేనంటాను. నా అభ్యంతరం చోటు గురించి. ఆ నిర్ణయం తలుపులు తెరిచిన శాసనసభా పక్ష సమావేశంలో, ఎన్టీఆర్ కూడా కూర్చుని తన మాట చెప్పుకున్నాక, ఓటుతో తేలాల్సింది. హోటల్ గదుల్లో తేలింది. ముప్పై ఏళ్లయినా ఆ గాయం మానకపోవడానికి అదొక కారణమని నా నమ్మకం.

మంత్రివర్గం సంగతీ అంతే. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ మంత్రుల సంఖ్య సభలో 15 శాతం దాటకూడదంది, చిన్న రాష్ట్రాల్లోనైనా ముఖ్యమంత్రితో కలిపి 12కు తగ్గకూడదంది. 2018 డిసెంబరు 13న కేసీఆర్ రెండోసారి ప్రమాణం చేసినప్పుడు ఆయనతో పాటు మహమూద్ అలీ ఒక్కరే మంత్రి. మరో పదిమంది చేరింది 2019 ఫిబ్రవరి 19న. రెండు నెలలకు పైగా తెలంగాణను ఇద్దరే నడిపారు. మధ్యప్రదేశ్‌లోనైతే 2020లో, కరోనా మొదలైన రోజుల్లో, శివరాజ్ సింగ్ చౌహాన్ దాదాపు నెలపాటు ఒక్క మంత్రి కూడా లేకుండా ఒంటరిగా పాలించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో మొత్తం 24 మంది మంత్రులూ ఒకే రోజు రాజీనామా చేశారు, వారిలో 11 మంది తిరిగి వచ్చారు. సగం పదవీకాలం తర్వాత మారుస్తామని ముందే చెప్పిన మాట నిజమే. కానీ ఏ శాఖ ఎలా పనిచేసిందన్న లెక్క సభ ముందుకు రాలేదు. ఉమ్మడి బాధ్యత అంటే ఇదేనా?

ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది 1985లో. రాజకీయ పార్టీ అన్న మాట మన రాజ్యాంగంలోకి మొదటిసారి అడుగుపెట్టింది ఆ చట్టం చేర్చిన పదో షెడ్యూలుతోనే, అదీ సభ్యుడికి ఎలా ఓటెయ్యాలో ఆదేశించే అధికారంతో. విప్‌ను, అంటే ఇలా ఓటెయ్యమన్న పార్టీ ఆదేశాన్ని, కాదంటే సీటు పోవచ్చు, అది చిన్న బిల్లయినా సరే. ఇంత కఠినమైన చట్టం అసలు ఫిరాయింపులను ఆపిందా? 2014–19 మధ్య వైసీపీ ఎమ్మెల్యేలు 23 మంది తెలుగుదేశంలో చేరారు, వారిలో నలుగురు మంత్రులయ్యారు. తెలంగాణలో 2019లో కాంగ్రెస్ 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో ‘విలీనం’ అయ్యారు. తర్వాత బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్ వైపు వెళ్లిన పదిమంది సంగతి సుప్రీంకోర్టు దాకా పోతే, మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో స్పీకర్‌కు కోర్టు చెప్పాల్సి వచ్చింది. గోడ దూకి ముఖ్యమంత్రి పక్కకు చేరినవాడు మంత్రి కాగలిగాడు. సొంత పార్టీలోనే ఉండి ముఖ్యమంత్రి తెచ్చిన బిల్లును వ్యతిరేకించేవాడికి మాత్రం వేటు భయం.

దీన్ని మార్చమని 1990లోనే దినేష్ గోస్వామి కమిటీ చెప్పింది. విశ్వాస, అవిశ్వాస తీర్మానాల వంటి సందర్భాలకే అనర్హతను పరిమితం చేయాలంది. అలా చేస్తే ప్రభుత్వం కూలే భయం లేకుండానే ఒక అధికార పార్టీ ఎమ్మెల్యే తన నియోజకవర్గ రైతుల భూముల గురించి వచ్చిన బిల్లును నిలదీయగలడు. నిజానికి అంతకంటే తేలికైన పని ఒకటుంది. శాసనసభా పక్ష సమావేశానికి విప్ వర్తించదు. అక్కడ రహస్య ఓటింగ్ పెట్టడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. పార్టీలు తమ నిబంధనావళిలో ఒక్క వాక్యం రాసుకుంటే చాలు.

రహస్య ఓటింగ్ పెడితే డబ్బు పారుతుంది, క్యాంపులు పెరుగుతాయి, స్థిరత్వం పోతుంది అంటారు. డబ్బు సంగతి కొట్టిపారేయలేను. స్థిరత్వం మాట మాత్రం ఒప్పుకోను. ఐదేళ్లలో నలుగురిని మార్చింది సీల్డ్ కవరు, 17 ఏళ్లు నిలిచింది ఓటుతో వచ్చిన సుఖాడియా.

సుఖాడియా గెలిచిన ఆ 1954 నవంబరులోనే కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం మీద మద్యనిషేధం విషయంలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. సైమన్ కమిషన్ రోజుల్లో మద్రాసులో తుపాకులకు ఎదురు నిలిచిన మనిషి ఆయన. కొత్త రాష్ట్రం పుట్టి ఏడాది దాటిందంతే. ఆయన్ని ఏ అధిష్ఠానమూ పిలిచి దిగిపొమ్మనలేదు. సభలో ఓట్లు లెక్కపెట్టారు, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం ఓడిపోయింది, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆంధ్ర ప్రజలు మళ్లీ పోలింగ్ కేంద్రాలకు వెళ్లారు.