జొన్నరొట్టెకు ఐపీఎల్ ట్యాగు

లోకంలో ఏ పుస్తకాన్నయినా వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం అనే ఐదు కోణాల్లో చూసి అరలో సర్దేయవచ్చని గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే కోలన్ వర్గీకరణ పద్ధతిని 1933లో తెచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు తేల్చారు. పాపం, పెద్దాయన పాలమూరు రీల్స్ చూడలేదు.

మొన్న ఒక వీడియో. పొయ్యి ముందు పెద్దమ్మ కూర్చుంది. వేడినీళ్లు పోసి పిసికిన జొన్నపిండి ముద్దను పీట మీద అరచేత్తో తడుతూ తిప్పుతూ పెనమంత చేసింది. పెనం మీద వేసి, పైన తడిబట్టతో ఒక్క తుడుపు. కన్ను తిప్పుకోలేం. కింద ట్యాగులు: #వైరల్ #ట్రెండింగ్ #ఐపీఎల్ #లవ్‌ఫెయిల్యూర్ #గోవా. జొన్న లేదు, రొట్టె లేదు. ఇదేందిరా అని తీసిన పోరగాణ్ని అడిగితే, "రొట్టెను ఎవడు దేవులాడుతడన్నా? ఐపీఎల్‌నైతే అందరు దేవులాడుతరు" అన్నాడు. ఇంతటి వర్గీకరణ సూత్రం ఏ గ్రంథాలయంలోనూ దొరకదు.

2007 ఆగస్టులో క్రిస్ మెస్సినా ట్విట్టర్‌లో ఈ హ్యాష్ గుర్తు వాడదామన్నప్పుడు, ఒకే విషయం మాట్లాడుకునేవాళ్లు ఒకచోట చేరాలని ఆయన ఆలోచన. మనవాళ్లు దాన్ని మరింత సులువు చేశారు. విషయం తీసేశారు, చేరడం ఉంచారు.

నిజాయితీగా ట్యాగు పెట్టేవాళ్లు బాగుపడ్డారా అంటే అదీ లేదు. పిల్లలమర్రి అని పెడితే మహబూబ్‌నగర్ మర్రిచెట్టు పక్కకు సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి కాకతీయుల గుళ్లు వచ్చి కూర్చుంటాయి. నల్గొండ మీద ప్రేమకొద్దీ పాత పేరు నీలగిరి అని పెట్టినవాడు ఊటీ టీతోటల్లో తేలతాడు. 2016లో జిల్లాలు విడిపోయాక భువనగిరి పెళ్లి వీడియోకు యాదాద్రి, సూర్యాపేట, నల్గొండ మూడూ పెట్టి, చుట్టాలెవరూ అలగకుండా 'ఉమ్మడి నల్గొండ' కూడా తగిలిస్తున్నారు. అది మర్యాద, తప్పుపట్టను.

నాగార్జునసాగర్‌కు గేట్లు 26. అవి ఎత్తిన వీడియోకు ట్యాగులు మాత్రం అంతకు రెండింతలు. ఈ వరదకు యూట్యూబ్ ఒక కట్ట వేసింది: హ్యాష్‌ట్యాగులు 60 దాటితే ఒక్కటి కూడా లెక్కలోకి తీసుకోదు. మా పోరగాళ్లకు ఇది ఘోరమైన అన్యాయంగా తోచి, సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కే అర్జీ ఇద్దామని కూర్చున్నారు. తెల్లకాగితం తెచ్చారు, సంతకాలు కూడా అయిపోయాయి. 'విషయం' అన్న చోట ఏం రాయాలో ఎంతకీ తేలక, చివరికి 'వైరల్' అని రాశారు.