పీటలెక్కిన ఇంజను

బావ నాతో మాట్లాడక ఇవాళ్టికి రెండో రోజు. ఆయన మాట్లాడకపోయినా ఫర్వాలేదు గానీ ఊళ్లో మిగతా వాళ్లందరూ తెగ మాట్లాడుతున్నారు.

బావకి కళింగపట్నంలో ఫైబర్ బోటుంది. దాని వెనక 9.9 హార్స్‌పవర్ కిరసనాయిలు ఇంజను. అంటే పది గుర్రాల్లో ఒక గుర్రం తోక తక్కువ. నేనేమో శ్రీకాకుళంలో గుమస్తాని, నిద్రపట్టని రాత్రుళ్లు రేసుబోట్ల వీడియోలు చూస్తుంటాను. అందులో నల్లకళ్లద్దాలాయన ఒకడు చెప్పాడు: ఇంజను కాలు నీళ్లలో ఎంత తక్కువ మునిగితే నీటి లాగుడు అంత తక్కువ, జోరు అంత ఎక్కువ. ఆ కాలి చివర నీళ్లలో తిరుగుతూ బోటుని తోసే ఫ్యానుంటుంది, దాని పైన రెక్కలా పరిచినట్టు ఒక ప్లేటుంటుంది. మామూలు బోటుకైతే అది బోటు అడుగుతో సమానంగానో, ఓ అంగుళం కిందగానో ఉండాలి. రేసుబోట్లకి అంతకన్నా రెండు మూడంగుళాలు పైకి లేపుతారు. అయితే వాళ్ల ఇంజన్లు 300 గుర్రాలవి. ఫ్యాన్లు సగం గాల్లో తేలుతూ తిరగడానికే చేసిన స్టీలువి. నీళ్లు పీల్చుకునే చిల్లులు కాలికి బాగా కిందన ఉంటాయి. ఎక్కువైందనిపిస్తే బటన్ నొక్కి ఇంజనుని కిందికి దించేసే జాక్ కూడా ఉంటుంది. ఇదంతా ఆయన వీడియో రెండో భాగంలో చెప్పాడు. నేను చూసింది మొదటి భాగం. ముఖ్యమైనది రెండో భాగంలో దాచడమేమిటో, ఆ మనిషికి పిల్లాపాపా లేరా?

మూడంగుళాలు లేపాలంటే చెక్క కావాలి. అత్త పెళ్లిపీట అటక మీద ఉంది. పనసచెక్క, అంగుళంన్నర మందం. సగానికి కోసి ఒకదాని మీద ఒకటి పెడితే లెక్క సరిపోయింది. ఆ టైములో అత్త ఎక్కడుందన్నది ఇక్కడ అనవసరం.

వంశధారలో ఉన్నంతసేపూ బోటు బాగానే పోయింది. ‘చూసావా బావా’ అని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర మొదటి కెరటం తగలగానే ఫ్యాను నీళ్లు వదిలి గాలి పట్టుకుంది. ఇంజను గావుకేక పెట్టింది. వెనక నురగే నురగ, కిరసనాయిలు పొగ, శ్రీకాకుళం బస్టాండంత గోల. బోటు మాత్రం ఉన్నచోటే ఉంది. లైట్‌హౌసు నా కుడిచెవికి సూటిగా ఉంది. కాసేపాగి చూసినా కుడిచెవికే ఉంది.

అప్పుడొచ్చాడు తాత, తెప్ప మీద, తెడ్డేసుకుంటూ.

‘ఏటి బాబూ, లంగరేసీసినారేటి?’

‘నేదు తాతా, ఎల్తన్నాం!’ అని అరిచాడు బావ.

తాత మమ్మల్ని చూశాడు. లైట్‌హౌసుని చూశాడు. మళ్లీ మమ్మల్ని చూశాడు.

‘ఎటు?’

జవాబు చెప్పేలోపు తెప్పని మా బోటుకి ఆనించి అగ్గిపెట్టె అడిగాడు. మొదటి పుల్ల తడి. రెండోది గాలికి ఆరిపోయింది. మూడోదానికి బీడీ అంటుకుంది. ఇంత జరుగుతున్నా మేమిద్దరం ఫుల్ స్పీడులోనే ఉన్నాం. తర్వాత నా యోగక్షేమాలు మొదలెట్టాడు. పర్మనెంటేనా, జీతమెంత, గుంటలెంతమంది. సముద్రం మధ్యన నా జీతం గొంతు చించుకుని చెప్పాల్సొచ్చింది, అదీ రెండుసార్లు. రెండోసారి ఒడ్డున చేపలు ఎండేస్తున్న ఆడోళ్లు కూడా తలెత్తి చూశారు.

ఆఖరికి తాత చూపు ఇంజను కింద పడింది. పీట అంచున పసుపు మరక ఇంకా పోలేదు.

‘ఇది మీయమ్మ పెళ్లిపీట కాదేటి?’

బావ ఇటు తిరిగి నన్ను చూసిన చూపు ఉంది చూడండి.

‘నానూ ఎల్లినాను ఆ పెళ్లికి,’ అన్నాడు తాత, పొగ వదుల్తూ. ‘ఈ పీట మీద కూకున్న మీ నాన్నా ఇంతే. కేకలేసీవోడు గానీ కదిలీవోడు కాడు.’

నాలుగు తెడ్లు వేసి మమ్మల్ని దాటిపోయాడు.

ఆ సందడిలో ఇంకోటి చూసుకోలేదు. ఇంజను నడుస్తున్నంతసేపూ పక్కనుంచి చంటిపిల్లాడు పోసినట్టు సన్నటి నీటిధార వస్తుండాలి. అది ఎప్పుడో ఆగిపోయింది. నీళ్లు పీల్చే చిల్లులు కూడా గాల్లోకి లేచిపోయాయి మరి. లోపల నీళ్లు తోడే రబ్బరు పంకా ఎండిపోయి మాడింది. ఒడ్డుకెలా చేరామో అడక్కండి. లాగిన తాడు తాతదే.

ఇవాళ స్పేర్‌పార్టుల కొట్టుకెళ్లాం. అరచేతిలో పట్టే రబ్బరు ముక్క. విడిగా అమ్మరట, మొత్తం కిట్టు కొనాలట. మాకు అక్కర్లేని వాచర్లు, రింగులు, ఒక గొట్టం, అన్నీ కలిపి. పోనీ అదైనా ఉందా అంటే సోమవారం వస్తుందట. ఏ సోమవారమో చెప్పడు. పైగా కంప్యూటర్లోంచి తలెత్తకుండా, ‘ఇంజను అంత పైకి ఎవరెత్తార్సార్, బుద్ధి లేకుండా?’ అన్నాడు. మా ఊళ్లో ఎవరో అన్నాను.

అక్కడుండగానే అత్త ఫోను. వచ్చేవారం మనవరాలి పెళ్లి, అటక మీద పీట కనపట్టం లేదట. ఫోను బావకిచ్చాను. బావ మాట్లాడకుండా మళ్లీ నా చేతిలో పెట్టాడు.

‘అల్లుడా, నువ్వేటైనా తీసినావేటి?’

‘పెళ్లికి రెండు పీటలు కావాలి కదత్తా,’ అన్నాను.