నల్లబల్ల మూలన ఉండే పేర్ల జాబితా గారికి

మహారాజశ్రీ 'మాట్లాడినవాళ్ల పేర్లు' గారికి, ఉదయగిరి వైపు ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల ఎస్జీటీ నమస్కరించి వ్రాయునది ఏమనగా:

ఇక్కడ అందరం క్షేమం. అక్కడ, అంటే నల్లబల్ల కుడివైపు మూలన, తేదీ కింద, తమరూ క్షేమమేనని రోజూ చూస్తూనే ఉన్నాను. సాయంత్రం డస్టర్‌తో తుడిచేస్తాం. పొద్దున ప్రార్థన అయ్యేసరికి మళ్లీ మొలిచి ఉంటారు. మా బడిలో తమరంత హాజరు ఎవరికీ లేదు, నాతో సహా.

తమరిది పెద్ద వంశం. మా తాతల కాలంలో తాడుకు వేలాడదీసే కోదండం, తొడ మెలిపెట్టే తొడపాశం. మా నాన్న కాలంలో చింతబరికె. నా కాలానికి గోడకుర్చీ వచ్చింది. మార్కాపురం పలక నెత్తిన పెట్టుకుని గోడకుర్చీ వేసినవాణ్ణే నేను, పలక పడితే ఇంకో పది నిమిషాలు. 2009లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెంటినీ నిషేధించింది. దాంతో తమరి పెద్దలందరికీ ఒకేసారి రిటైర్మెంటు. (చింతబరికె కొన్నిచోట్ల ఇంకా కాంట్రాక్టు మీద పనిచేస్తోందని వినికిడి.) తమరు మాత్రం మిగిలారు. సుద్దముక్క వాతలు తేల్చదు కదా, తమరి మీద ఎవరికి అనుమానం వస్తుంది?

తమర్ని ఉద్యోగంలో పెట్టింది నేనే, కాదనను. 34 మంది పిలకాయలు, 5 తరగతులు, ఇద్దరం టీచర్లం. చట్టం లెక్కలో 60 మంది వరకు ఇద్దరే కాబట్టి మాకు కొరతేమీ లేదు. మేడం ట్రైనింగుకు పోయిన రోజు మాత్రం ఐదు తరగతులకూ నేనొక్కణ్ణే. నాలుగో తరగతికి భాగహారం మొదలుపెడితే ఒకటో తరగతిలోంచి 'సార్, వీడు గిల్లాడు సార్', 'సార్, ఒంటికి పోతా సార్', 'సార్, వీడు నా బలపం తినేశాడు సార్'. మధ్యలో హాజరు యాప్ తిరుగుతా ఉంటుంది, సిగ్నల్ కోసం వేపచెట్టు కిందికి పరిగెత్తాలి. బల్ల మీద కొట్టి సద్దు చేద్దామని ఉదయగిరి చెక్క గరిటె ఒకటి కొన్నాను. రెండోరోజే వంట చేసే అవ్వ పప్పు తిప్పడానికి పట్టుకుపోయింది. ఇంకేం చేసేది? లీడర్‌ను పిలిచి, సుద్దముక్క చేతిలో పెట్టి, 'ఎవరు మాట్లాడితే వాళ్ల పేరు రాయరా' అన్నాను.

ఆ క్షణం నుంచి తరగతిలో అన్నిటికంటే పెద్ద గొంతు ఎవరిదంటే, 'మాట్లాడొద్దు' అని అరిచే లీడర్‌ది. వేపచెట్టు దాకా వినపడేది అదొక్కటే. వాడి పేరు మాత్రం తమరి మీద ఇంతవరకు ఎక్కలేదు.

తమరి దర్బారులో రేట్లు ఈమధ్యే తెలిశాయి. పేరు తుడవాలంటే సగం చిక్కీ. పక్కనున్న ఇంటూ మార్కుల్లో ఒకటి తగ్గాలంటే గుప్పెడు రేగిపళ్లు. అసలు పేరే ఎక్కకుండా ఉండాలంటే కొత్త రబ్బరు, అది బస్సు పాసు లాంటిది, నెలంతా చెల్లుతుంది. లంచం ఎట్టా ఇవ్వాలో ఏ పాఠ్యపుస్తకంలోనూ లేకపోయినా ఐదో తరగతి దాటేలోపు నేర్పేస్తున్నారు. ఒక మేలు కూడా చేశారు, చెప్పకపోతే పాపం. మా లీడర్‌కు డిక్టేషన్‌లో ఒక్క ఒత్తూ నిలవదు. గిట్టనివాడి పేరు మాత్రం ఇంటిపేరుతో సహా తప్పు లేకుండా రాస్తాడు.

తమర్ని మార్చాలని ఒకసారి చూశాను. పిల్లల తప్పులు కాదు, మంచి చూడండి అని ట్రైనింగులో చెబితే, వచ్చి 'బుద్ధిగా ఉన్నవాళ్ల పేర్లు' రాయించాను. 'నేను బుద్ధిగా ఉన్నా సార్', 'వాడి కంటే ముందు నుంచి ఉన్నా సార్' అని 34 మందీ ఒకేసారి లేచారు. పక్కింటి ఆయన గోడ మీంచి తొంగి చూసి, అయ్యోరా, ఏమైంది అన్నాడు.

ఇక దేవుడే దిక్కని రొట్టెల పండగకు నెల్లూరు కూడా పోయాను. స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె ఉంది, చదువు రొట్టె ఉంది, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె ఉన్నాయి. నిశ్శబ్దం రొట్టె మాత్రం దొరకలేదు. కోరిక తీరినవాళ్లు తెచ్చి ఇస్తేనే కదా, ఇంకొకరు పట్టుకునేది! అట్టాంటి టీచరు ఒక్కరన్నా ఉంటే గదా.

సరే, అసలు ఫిర్యాదుకు వస్తాను. మూడో తరగతిలో ఒక పాప ఉంది. పేరు చెప్పను, పేర్లు ఎక్కించే అలవాటు తమరిది. రెండేళ్లలో ఒక్కసారి కూడా తమరి మీద కనపడలేదు. వాళ్లమ్మ వచ్చినప్పుడు 'మీ పాప బంగారమమ్మా' అన్నాను. మొన్న ఒక్కొక్కరినీ దగ్గర కూర్చోబెట్టుకుని చదివిస్తుంటే, ఆ పాప పాఠం గడగడా చెప్పింది, పేజీ కూడా సరైన చోటే తిప్పింది. నేను వేలు పెట్టి ఒక్క మాట చూపిస్తే నోరు మూతపడింది. తన పేరు తప్ప రెండక్షరాలు కలిపి చదవడం రాదు. మూడో తరగతి! రెండేళ్లు నా కళ్ల ముందు బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుంది, తమరు సాక్షి.

మరి పాఠం ఎట్టా వచ్చిందని అడిగితే పక్కవాడి వైపు చూసింది. తమరికి ఆ పిలకాయ బాగా తెలుసు. రోజూ మొదటి పేరు వాడిదే, పక్కన ఇంటూలు కోడికాళ్ల మాదిరి బల్ల చివరిదాకా పోతాయి. వాడు వాగిన వాగుడులో సగం ఆ పాపకు గుసగుసగా చదివి వినిపించిందే. తమరి లెక్క చూసి, అంతకు ముందు నెలలోనే వాణ్ణి తీసుకెళ్లి వెనక బెంచీలో వేశాను. మార్పు వచ్చింది సార్, ఇప్పుడు తగ్గాడు అని లీడర్ సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు.

వాణ్ణి మళ్లీ ఆ పాప పక్కకే తెచ్చాను. గోల పెరిగింది, దాచేదేముంది.

మొన్న గురువారం సిగ్నల్ పట్టుకుని వేపచెట్టు కింద నుంచి వచ్చేసరికి తమరి మీద నాలుగో పేరు ఆ పాపది. ఒక ఇంటూ కూడా ఉంది. ఏడుస్తుందేమోనని చూస్తే, నల్లబల్ల ముందు మునివేళ్ల మీద నిలబడి, తన పేరు వదిలేసి, పైనా కిందా ఉన్న పేర్లు వేలు పెట్టి కూడబలుక్కుంటోంది.

లీడర్ డస్టర్ పట్టుకుని వచ్చాడు. 'తుడవమంటారా సార్?'

భోజనాలయ్యేదాకా ఉండనీరా, అన్నాను.

ఇట్లు,
తమరికి సుద్దముక్క అప్పగించినవాడు